పత్రి కట్టలో రెండు కుటుంబాలు

వినాయక చవితి ముందు రోజు గుడిమల్కాపూర్‌లోనైనా, సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గరైనా రోడ్డు పక్కన గోనె సంచులు పరిచి పత్రి అమ్ముతారు. గరిక, మామిడాకు, జిల్లేడు, రేగు, ఉత్తరేణి అన్నీ కలిపి ఒక కట్ట. కొనేవాళ్లలో అన్ని ఆకులనూ పేరుపెట్టి పిలవగలిగేవాళ్లు తక్కువ. అమ్మేవాళ్లు కూడా ఒక్కోసారి చేతికందిన కొమ్మ దూర్చి 21 లెక్క సరిపెట్టేస్తారు. అయినా నికార్సైన కట్ట ఒకటి దొరికితే దాన్ని విప్పి చూడటం బాగుంటుంది. అందులో బృహతి అంటే ములక, దానికే వాకుడు అని ఇంకో పేరు. దత్తూరం అంటే ఉమ్మెత్త. ఈ రెండూ వంకాయ చుట్టాలు. తులసి, మరువం, సింధువారం అని పూజలో చదివే వావిలి, ఈ మూడూ పుదీనా చుట్టాలు. 21 పత్రాల్లో ఐదు రెండే కుటుంబాల నుంచి వచ్చాయన్నమాట. పూజ ముగిసి వంటింట్లోకి వెళ్తే లెక్క ఇంకా పెరుగుతుంది. తెలంగాణ ఇళ్లలో ఆ రోజు వండుకునే తుమ్మికూర పుదీనా కుటుంబం. అందులో పడే పచ్చిమిర్చి, టమాట వంకాయ కుటుంబం.

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు మొదటి కుటుంబం గుర్తుండే ఉంటుంది. తెలుగు అకాడమీ పుస్తకంలో ఫాబేసీ, లిలియేసీలతో పాటు సొలనేసీ ఉండేది. పరీక్షకు ముందు రాత్రి పుష్ప సంకేతం బట్టీ పట్టి, మర్నాడు మర్చిపోయిన బ్యాచ్‌లు ఎన్నో. రెండోది లామియేసీ, పాత పేరు లేబియేటీ. అది డిగ్రీకి వెళ్తే తప్ప ఎదురుపడదు. సంఖ్యలో మాత్రం అదే పెద్దది. సొలనేసీలో సుమారు 2,700 జాతులుంటే, లామియేసీలో ఏడు వేలకు పైనే.

పుదీనా కుటుంబాన్ని గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేదు. తులసి కొమ్మను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి మెల్లగా తిప్పితే చాలు. గుండ్రంగా దొర్లదు, నాలుగు అంచులు తగులుతాయి. కాండం నలుపలక. పుదీనా, తుమ్మి, మరువం, కుండీలో పెంచే వాము ఆకు, అన్నిటిదీ ఇదే తీరు. ఆకులు జంటలుగా ఎదురెదురుగా వస్తాయి. ఒక జంట తూర్పు పడమరలకు ఉంటే, దాని పైజంట ఉత్తర దక్షిణాలకు ఉంటుంది. పువ్వుకు రెండు పెదవులు. లేబియేటీ అనే పాత పేరు ఆ పెదవుల వల్లే వచ్చింది. కాయ పండాక నాలుగు చిన్న పలుకులుగా విడిపోతుంది. ఎండాకాలం ఫలూదాలో తేలే సబ్జా గింజలు ఆ పలుకులే. విత్తనాలు అనుకుంటాం గానీ, లెక్క ప్రకారం ఒక్కొక్కటీ కాయలో నాలుగో వంతు.

వంకాయ కుటుంబానికి గుర్తు పువ్వు. ఐదు ఆకర్షణపత్రాలు అడుగున అతుక్కుని నక్షత్రంలానో, ఉమ్మెత్తలో అయితే పొడుగాటి సన్నాయిలానో ఉంటాయి. కేసరాలు ఐదు. ఇక రక్షకపత్రాలు పువ్వు రాలినా పోవు, కాయను పట్టుకునే ఉంటాయి. వంకాయ మీద ముళ్లతో టోపీలా ఉండేది అదే. చేను గట్ల మీద పిల్లలు పగలగొట్టుకుని తినే బుడ్డబూసర కాయ చుట్టూ బుడగలా ఉబ్బేదీ, అశ్వగంధ పండును కాగితం సంచిలా కప్పేదీ అదే.

వంగపువ్వును దగ్గరగా చూడాలి. మధ్యలో పసుపుపచ్చ కేసరాలు ఒక దగ్గర గుమిగూడి చిన్న శంఖువులా నిలబడతాయి. చాలా పువ్వుల్లో పరాగకోశం నిలువునా చీలి పుప్పొడి బయటపడుతుంది. వంగలో అలా జరగదు. ఒక్కో కోశం కొనన ఉప్పు డబ్బా మూతకు ఉన్నట్టు చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. మకరందం ఉండదు. తేనెటీగ వచ్చినా ఏమీ చేయలేక వెళ్లిపోతుంది. పని తెలిసినది తుమ్మెద. పువ్వును కాళ్లతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను వణికిస్తుంది. ఆ ‘జుమ్మ్’ మోత మామూలుగా ఎగిరేటప్పటి మోత కన్నా సన్నగా వినిపిస్తుంది. ఆ వణుకుకి పుప్పొడి రంధ్రంలోంచి చిమ్మి తుమ్మెద పొట్ట మీద పడుతుంది. మిద్దె తోటలో వంగమొక్క ఉన్నవాళ్లు ఉదయం పూట కాసేపు నిలబడితే ఈ మోత వినొచ్చు. తుమ్మెద రాని అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో పూలు వచ్చి రాలిపోతుంటే, మొక్కకు ఎరువు తక్కువైందని అనుకోవడం మామూలే. పువ్వును రోజూ పొద్దున చిటికెన వేలితో రెండు మూడుసార్లు మీటినా కొంత ఫలితం ఉంటుంది. టమాటదీ ఇంచుమించు ఇదే కథ, గాలికి ఊగడం వల్ల సగం పని అయిపోతుంది గానీ. విదేశాల్లో అద్దాల ఇళ్లలో టమాట పండించేవాళ్లు ఈ మోత కోసమే బంబుల్ బీ పెట్టెలు కొంటారు.

తులసిలో ఇంత తతంగం లేదు. కేసరాలు కింది పెదవి మీద వాలి ఉంటాయి, తేనెటీగ వచ్చి కూర్చుంటే పొట్టకు పుప్పొడి అంటుతుంది.

పువ్వుల కన్నా పెద్ద తేడా, ఈ రెండు కుటుంబాల వ్యాపారమంతా ఆధారపడిన తేడా, అవి తమను తాము కాపాడుకునే పద్ధతిలో ఉంది. మొక్క పారిపోలేదు. మేసే నోటిని, తొలిచే పురుగును నిలబడ్డ చోటే ఎదుర్కోవాలి. వంకాయ కుటుంబం ప్రధానంగా ఆల్కలాయిడ్లను నమ్ముకుంది. ఇవి నత్రజని ఉన్న చేదు పదార్థాలు, కణాల లోపల దాక్కుంటాయి, వాసన పెద్దగా ఉండదు. పొగాకులో నికోటిన్, ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపోలమిన్, ఆలుగడ్డలో సొలనిన్. తింటే గానీ తెలియదు. పుదీనా కుటుంబం దారి వేరు. దాని రసాయనాలు ఎక్కువగా టర్పీన్లు, కర్బనం, ఉదజని, కొంత ఆమ్లజనితో అయినవి, తేలిగ్గా ఆవిరయ్యేవి. అవి ఆకు పైపొర మీద సన్నటి గ్రంథి కేశాల్లో బుడగల్లా నిండి ఉంటాయి. ఆకును తాకితే బుడగ పగులుతుంది, వాసన వస్తుంది. ఒక ఇంటివాళ్లు కత్తి లోపల దాచుకుంటే, ఇంకో ఇంటివాళ్లు గుమ్మంలోనే బోర్డు కట్టారు.

మరీ గీత గీసినట్టు ఉండదు ఈ తేడా. టమాట మొక్కకు పక్క కొమ్మలు గిల్లినవాళ్ల వేళ్లకు అంటుకునే పచ్చటి జిగురు, ఆ ఘాటు వాసన కూడా గ్రంథి కేశాలదే. పొగాకు ఆకు మీద జిగటా అంతే. అయినా ఆ మొక్కల అసలు ఆయుధం లోపలిదే.

లోపలిదని తేల్చిన ప్రయోగం ఒకటి సరదాగా ఉంటుంది. పొగాకు కొమ్మను టమాట వేరు మీద అంటుకడితే ఏపుగా పెరిగింది గానీ, ఆకులో నికోటిన్ దాదాపు లేదు. తిరగేసి, టమాట కొమ్మను పొగాకు వేరు మీద కడితే టమాట ఆకులో నికోటిన్ వచ్చింది. 1940ల నాటి ఈ అంటుల వల్ల నికోటిన్ తయారయ్యేది ఆకులో కాదు, వేరులో అని తేలింది. అక్కడ తయారై నీళ్లతో పాటు పైకి ఎక్కుతుంది. కుటుంబం ఒకటే కాబట్టి ఇలా అంటు అతుక్కుంటుంది. ఇదే చుట్టరికాన్ని ఇప్పుడు నర్సరీలు మంచి పనికి వాడుతున్నాయి. ఎండు తెగులు తట్టుకునే ఉస్తికాయ వేరు మీద టమాట, వంగ కొమ్మలు కట్టిన నారు రైతులకు దొరుకుతోంది.

ఇప్పుడు బిర్యానీ ప్లేటు దగ్గరికి రావచ్చు. హైదరాబాదీ బిర్యానీ పక్కన మిర్చీ కా సాలన్ ఉంటుంది, పెరుగు చట్నీ ఉంటుంది, అన్నం పొరల మధ్య పుదీనా ఉంటుంది. మిర్చి నోటిని మండిస్తుంది, పుదీనా చల్లబరుస్తుందని అందరికీ తెలిసినట్టే అనిపిస్తుంది. నిజానికి నోట్లో ఉష్ణోగ్రత ఏమీ మారదు. మిరపలోని కాప్సైసిన్ నరాల మీద ఉండే ఒక ద్వారాన్ని తెరుస్తుంది. ఆ ద్వారం అసలు ఉన్నది సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టి మెదడుకు కబురు పంపడానికి. కాప్సైసిన్ దొంగ తాళంచెవి పెట్టి దాన్నే తెరుస్తుంది. మెదడు నోరు కాలుతోందని నమ్మి చెమట పట్టిస్తుంది, ముక్కు కారిపిస్తుంది. పుదీనా రకాల్లో ఉండే మెంథాల్ తెరిచేది చలిని పసిగట్టే ద్వారాన్ని. మొదటి ద్వారాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. రెండోదాన్ని 2002లో జూలియస్, ఆర్డెమ్ పటాపుటియన్ బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. వేడి, చలి, స్పర్శలను శరీరం ఎలా పసిగడుతుందో తేల్చినందుకు ఆ ఇద్దరికీ 2021లో నోబెల్ వచ్చింది. వాళ్ల చేతిలో పనిముట్లు ఒక మిరపకాయ, ఒక పుదీనా అణువు.

మిరప ఈ పని ఎందుకు చేస్తుందనేది చిలకను అడగాలి. పంజరంలో చిలకకు మిరపకాయ వేస్తే గింజలతో సహా హాయిగా తినేస్తుంది. పక్షుల్లో ఆ వేడి ద్వారం కాప్సైసిన్‌కు తెరుచుకోదు. మిరప గింజ పక్షి కడుపులోంచి చెక్కుచెదరకుండా బయటికొచ్చి ఎక్కడో మొలుస్తుంది. పళ్లతో గింజను నమిలి నాశనం చేసే ఎలుకలాంటి జంతువులకే మంట. అంటే మిరప తన పండును ఎవరు తినాలో తానే ఎంచుకుంది. మనిషి ఒక్కడు ఆ ఏర్పాటును పట్టించుకోకుండా, మంట కోసమే తినడం మొదలుపెట్టాడు. మరో మాట: మంట ఉండేది గింజలో అనుకుంటారు. కాప్సైసిన్ తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి గుజ్జులో. మిర్చి బజ్జీ వేసేవాళ్లు నిలువునా చీల్చి లోపలి తెల్లటిది గీకేసేది అందుకే.

ఈ రెండు కుటుంబాలకు తెలుగువాళ్లు పెట్టుకున్న పేర్లలోనూ ఒక తెలివి ఉంది. సముద్రాలు దాటి టమాట వచ్చినప్పుడు కోస్తాలో పాతవాళ్లు దాన్ని రామములక్కాయ అన్నారు. పువ్వు, కాయ చూసి ఇది మన ములక చుట్టమని పట్టేశారు. మొక్కలను వర్గాలుగా విడదీసిన లిన్నేయస్ లాంటివాళ్లు చెప్పకుండానే సరిగ్గా ఒకే కుటుంబంలో పెట్టారు. మిరప దగ్గర మాత్రం నాలుక గెలిచింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల వెంట వచ్చిన కొత్త కాయకు పేరు మిరియం నుంచి వచ్చింది. మిరియం తీగకూ మిరపకూ ఏ చుట్టరికమూ లేదు, ఘాటు ఒక్కటే పోలిక. పుదీనా వైపు పేర్లు ముక్కును బట్టి వచ్చాయి. వాము ఆకు వాము మొక్కది కాదు. రెండింటిలోనూ థైమాల్ రకం నూనెలు ఉండబట్టి వాసన కలిసింది, అంతే. ముక్కు చేయని పని కూడా ఒకటుంది. జడలో మల్లెలతో కలిపి కట్టే మరువం, పిజ్జాతో ఇచ్చే పొట్లంలోని ఒరెగానో ఒకే ప్రజాతికి చెందినవి. మరువం కట్టుకున్న పెద్దావిడ ఆ పొట్లం వాసన చూస్తే కొంచెం గుర్తుపట్టొచ్చు.

డబ్బు దగ్గరికి వస్తే రెండు కుటుంబాల దారులు పూర్తిగా విడిపోతాయి. వంకాయ కుటుంబం మనకు అమ్మేది ఎక్కువగా కాయను, దుంపను. మనిషి వేల ఏళ్ల పాటు చేదు తగ్గిన వాటిని ఏరి ఏరి విత్తాడు. విషం పోయింది, నీళ్లు మిగిలాయి. టమాటలో 94 శాతం దాకా నీళ్లే. నీళ్లు బరువు, పైగా కుళ్లుతాయి. హైదరాబాద్‌లో టమాట ధర ప్రతి ఏడూ జూన్, జులైలలో పైకి ఎగబాకడానికి మూలం ఇక్కడే ఉంది. ఏప్రిల్, మే ఎండల్లో చేవెళ్ల, వికారాబాద్ వైపు చేలల్లో పూత వస్తుంది గానీ, పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి పనిచేయదు. పూత రాలిపోతుంది. అప్పుడు సిటీ మొత్తం ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కొంచెం ఎత్తు మీద, కొంచెం చల్లగా ఉండే మదనపల్లె మీద ఆధారపడుతుంది. అక్కడ వాన పడినా, వైరస్ తగిలినా బోయినపల్లి మార్కెట్లో ఆ వారమే తెలుస్తుంది. 2023 జులైలో కిలో ధర వంద దాటి వెళ్లిపోయినప్పుడు హోటళ్లు చట్నీలు మార్చేశాయి. కొన్ని నెలలు గడిస్తే అదే కాయను కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు మీద పారబోస్తారు. రైతు దురాశో, దళారి మోసమో అని రెండు సందర్భాల్లోనూ తిట్టుకుంటాం. దళారి పాత్ర లేకపోలేదు, కానీ నాలుగు రోజులు ఆగలేని సరుకు ఎవరి చేతిలో ఉన్నా బేరం అవతలివాడిదే.

అదే కుటుంబంలోని మిర్చికి ఆ బాధ సగం తీరింది, ఎందుకంటే దాన్ని ఎండబెట్టొచ్చు. నీళ్లు పోయినా మంట, రంగు ఉంటాయి. కోల్డ్ స్టోరేజీలో ఏడాది పెట్టినా అమ్ముడవుతుంది. గుంటూరు యార్డు, ఖమ్మం, వరంగల్ ఎనుమాముల మార్కెట్లు ఈ ఒక్క లక్షణం మీద పెరిగినవే. సిటీలో ఎండు మిర్చి అంటే మలక్‌పేట. అక్కడ బస్తాల మధ్య నడిస్తే ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకోక తప్పదు. ఘాటుకు తేజ రకం, రంగుకు ఇంకో రకం అని కొనేవాళ్లు లెక్కగా కొంటారు. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న వరంగల్ చపాట మిర్చి రెండో కోవలోది. పొట్టిగా, లావుగా, ఎర్రగా ఉంటుంది, టమాట మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు ఎక్కువ. దాన్నుంచి తీసే రంగుకు ఆహార కంపెనీల్లో గిరాకీ. నిల్వ బాధ తీరినా పురుగు బాధ తీరలేదు. 2021-22లో నల్ల తామర పురుగు పూతలో చేరి తెలుగు రాష్ట్రాల మిర్చి రైతులను నిలువునా ముంచింది.

పురుగు అనగానే వంకాయ గురించి ఒక మాట. బగారా బైంగన్‌కు గుండ్రటి లేత వంకాయలు ఏరేటప్పుడు ప్రతి చెయ్యీ చూసేది చిన్న రంధ్రం కోసమే. మొవ్వు, కాయ తొలిచే పురుగు లోపలికి దూరాక ఏ మందూ దాన్ని అందుకోలేదు. అందుకని రైతు మందు మళ్లీ మళ్లీ కొడతాడు. ఆ పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువు పెట్టిన బీటీ వంకాయకు 2009 అక్టోబర్‌లో కేంద్ర నియంత్రణ కమిటీ అనుమతి ఇచ్చింది. దాని మీద అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ 2010 జనవరి, ఫిబ్రవరిలలో ఏడు నగరాల్లో బహిరంగ విచారణ పెట్టారు. అందులో హైదరాబాద్ ఒకటి. 2010 ఫిబ్రవరి 9న దాన్ని ఆపేశారు. బంగ్లాదేశ్ మాత్రం 2013లో అనుమతించి సాగు చేసుకుంటోంది. వంకాయ పుట్టిల్లు ఈ ప్రాంతమే కాబట్టి ఇక్కడి నాటు రకాలు, అడవి ములకలు కలుషితమవుతాయన్న భయానికి అర్థం ఉంది. కానీ విచారణ ముగిశాక మామూలు వంకాయ మీద కొట్టే మందు గురించి అంత గట్టిగా మాట్లాడినవాళ్లు కనిపించలేదు.

ఆలుగడ్డ సంగతి క్లుప్తంగా: జహీరాబాద్ వైపు కొంత పండినా, నగరం తినేదాంట్లో ఎక్కువ భాగం ఆగ్రా నుంచి వస్తుంది. ఎండ తగిలి పచ్చబడిన దుంపలో సొలనిన్ పెరుగుతుంది, ఉడికించినా పోదు. ఆ పచ్చ భాగం లోతుగా కోసి పారేయడం, ఎక్కువగా ఉంటే దుంపే పారేయడం మంచిది.

పుదీనా కుటుంబం అమ్మేది వాసనను. అది బరువుండదు, డ్రమ్ముల్లో ఏళ్ల తరబడి నిలవుంటుంది. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకి చుట్టుపక్కల ఫిబ్రవరిలో ఆలుగడ్డ తవ్వేసిన చేలోనే మెంథా అనే జపాన్ పుదీనా నాటుతారు. ఒక కుటుంబం లేచిన మడిలో ఇంకోటి కూర్చుంటుంది. వానలకు ముందే కోసి, ఊళ్లోనే ఇనుప ట్యాంకుల్లో కూరి, కింద మంట పెట్టి ఆవిరి పడితే నూనె దిగుతుంది. దాన్ని చల్లబరిస్తే పటిక ముక్కల్లా మెంథాల్ గడ్డకడుతుంది. 1950లలో బయటి నుంచి తెచ్చుకున్న ఈ పంటతోనే ఇవాళ ప్రపంచంలో సహజ మెంథాల్‌లో సింహభాగం ఇండియా నుంచి పోతోంది. సరుకుల ట్రేడింగ్ జరిగే ఎంసీఎక్స్‌లో బంగారం, రాగి, ముడిచమురు పక్కన మెంథా ఆయిల్ ధర కూడా మెరుస్తుంటుంది. కమోడిటీ ట్రేడింగ్ యాప్‌లో ఆ పేరు చూసి, పుదీనా మీద కూడా పందెమా అని ఆశ్చర్యపోయినవాళ్లు ఉంటారు.

మన వంటింటి పుదీనా మాత్రం ఇది కాదు. సంతలో కట్టలుగా దొరికే దాంట్లో ముఖ్యమైన వాసన పదార్థం కార్వోన్, మెంథాల్ చాలా తక్కువ. కార్వోన్‌తో ఒక చిత్రం ఉంది. సోయికూర గింజలో కూడా కార్వోనే ఉంటుంది. అవే పరమాణువులు, అవే బంధాలు, కాకపోతే ఎడమ చెయ్యికీ కుడి చెయ్యికీ ఉన్న తేడా. ముక్కు ఆ తేడాను పసిగట్టి ఒకదాన్ని పుదీనా అంటుంది, ఇంకోదాన్ని సోయి అంటుంది.

వాసన అమ్ముకునే ఇంటికి ఉన్న గండం కూడా అణువుదే. టమాటను ఫ్యాక్టరీలో చేయలేరు, మెంథాల్‌ను చేయగలరు. జపాన్ శాస్త్రవేత్త నొయొరి కనిపెట్టిన ఉత్ప్రేరకంతో 1980ల నుంచే సరైన ‘చేతి’ మెంథాల్‌ను కర్మాగారంలో తయారు చేస్తున్నారు. ఆయనకు 2001లో నోబెల్ ఇచ్చిన పనుల్లో అదీ భాగమే. జర్మనీ కంపెనీలూ ఈ పనిలో ఉన్నాయి. బారాబంకి రైతు పోటీ పక్క ఊరి రైతుతో కాదు, ఎక్కడో ఉన్న రియాక్టర్‌తో. నూనె ధర ఒక గీత దాటి పెరిగితే టూత్‌పేస్ట్ కంపెనీ ఫ్యాక్టరీ సరుకు వైపు తిరుగుతుంది. మన వైపు సుగంధ పంటలు వేయాలనుకునే రైతుకు బోడుప్పల్‌లోని సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) కేంద్రంలో నారు, సలహా దొరుకుతాయి. ఎకరానికి లక్షలు అని యూట్యూబ్‌లో ఊదరగొట్టే వీడియోలు చూసి దిగేముందు నూనె కొనేవాడు ఎవరు, నూనె తీసే బట్టీ ఎంత దూరంలో ఉంది అని అడగడం అవసరం. కోసిన ఆకు బట్టీకి చేరేలోపే డబ్బు గాల్లో కలిసిపోతుంటుంది, అక్షరాలా.

సూపర్ మార్కెట్లో ఈ మధ్య ఇంకో గందరగోళం. చియా, సబ్జా ఒకటేనని అమ్మేస్తున్నారు. రెండూ పుదీనా కుటుంబమే, నీళ్లలో వేస్తే రెండిటికీ జిగురు పడుతుంది. కానీ సబ్జా మన రుద్రజడ గింజ, నల్లగా ఉండి నిమిషాల్లో ఉబ్బుతుంది. చియా మెక్సికో వైపు మొక్క, బూడిద రంగు మీద మచ్చలుంటాయి, ఉబ్బడానికి ఎక్కువసేపు పడుతుంది. ధరలో మాత్రం తేడా బాగానే ఉంటుంది.

పుదీనా కుటుంబంలో అన్నిటికన్నా విలువైన సరుకు వాసన కాదు, కలప. టేకు ఆ కుటుంబానిదే. ఒకప్పుడు దాన్ని, వావిలిని, గుమ్మడి టేకును వర్బినేసీ అనే వేరే కుటుంబంలో పెట్టేవారు. 1990లలో పునఃపరిశీలించి లామియేసీలోకి మార్చారు. నమ్మబుద్ధి కాకపోతే ఆదిలాబాద్ అడవుల్లో లేత టేకు కొమ్మను పట్టుకుని చూడొచ్చు, నలుపలకగానే ఉంటుంది. ఆకులు ఎదురెదురు జంటలు. లేత ఆకును అరచేతిలో నలిపితే రక్తంలా ఎర్రటి రంగు అంటుతుంది. ఊళ్లలో పిల్లలు గోరింటాకు ఆట అలాగే ఆడతారు. టేకు చెక్కకు చెదలు పట్టకపోవడానికి కారణం కూడా రసాయనమే, టెక్టోక్వినోన్ లాంటివి. పాతబస్తీ పాత ఇళ్ల గుమ్మాల్లో వందేళ్లుగా నిలబడ్డ టేకు, కుండీలో పుదీనాకు పెదనాన్న వరస.

వంకాయ ఇంటివాళ్లు దాచుకున్న విషానికీ మంచి గిరాకీ ఉంది. పురుగుమందు మింగి, లేదా చేలో మందు కొడుతూ పీల్చి వచ్చిన మనిషికి క్యాజువాలిటీలో మొదట ఎక్కించేవాటిలో అట్రోపిన్ ఒకటి. ఆర్గనోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంట్లో నరాల కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ విరగకుండా అడ్డుపడుతుంది. నోట్లో నురగ, ఊపిరితిత్తుల్లో నీరు, సూదిమొనంత కంటిపాప. అట్రోపిన్ ఆ ఎసిటైల్‌కోలిన్ కూర్చునే చోట్లను ముందే ఆక్రమిస్తుంది. ఊపిరితిత్తుల్లో గరగర తగ్గేదాకా డాక్టర్లు మోతాదు పెంచుతూ పోతారు. మామూలు మనిషికి ప్రమాదమయ్యే మోతాదు అప్పుడు ప్రాణం నిలబెడుతుంది. ఉమ్మెత్త గింజ తిన్నవాడి లక్షణాలు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటాయి: నోరు ఎండిపోవడం, కంటిపాప విచ్చుకోవడం, మతి తప్పి మాట్లాడటం. ఇంట్లో ‘కొంచెం’ వాడే నాటువైద్యం దీనితో వద్దు. ఒక్కో చెట్టు గింజలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

డబ్బు లెక్కలో ఈ ఇంటి విషాల్లో అన్నిటికన్నా ఎదిగింది నికోటిన్. పొగాకు దక్కన్‌కు ముందే వచ్చింది. 1600ల మొదట్లో అసద్ బేగ్ అనే మొఘల్ ఉద్యోగి బీజాపూర్‌లో దాన్ని చూసి అక్బర్ దర్బారుకు కానుకగా పట్టుకెళ్లాడు, అక్కడివాళ్లకు అదే కొత్త. తెలుగు నేల మీద ఇప్పుడు గుంటూరులో పొగాకు బోర్డు, రాజమండ్రిలో 1947లో పెట్టిన పరిశోధన కేంద్రం ఉన్నాయి. తెలంగాణలో నిజామాబాద్, కామారెడ్డి వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లు ఉన్నాయి. హైదరాబాద్‌లో అజామాబాద్‌లోని వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ చార్మినార్ సిగరెట్‌తో ఎంత పేరు తెచ్చుకుందంటే, ఆ చౌరస్తా పేరే వీఎస్టీ అయిపోయింది. ఇందిరా పార్క్ నుంచి వచ్చే స్టీల్ బ్రిడ్జి దిగేదీ అక్కడికే.

రెండు కుటుంబాలు కలిసే చోటు ఒకటి ఆ సరుకులోనే ఉంది. మెంథాల్ సిగరెట్ అంటే వేరులో పుట్టి ఆకులో చేరిన నికోటిన్‌కు, ఆకు వెంట్రుకలో పుట్టిన మెంథాల్‌ను పూయడం. పొగ గొంతులో గరగరలాడకుండా మెంథాల్ చలి ద్వారాన్ని తెరుస్తుంది, కొత్తగా తాగేవాడికి దగ్గు రాదు. దగ్గు రాకపోవడమే ప్రమాదమని యూరోపియన్ యూనియన్ 2020 మే 20 నుంచి వాటి అమ్మకాన్ని ఆపేసింది.